మడత విప్పని గౌను

"మే, పాపకు గౌను ఎయ్యొద్దు. యట్లుండాదో అట్లే ఎత్తుకోని రా."

"ఎండ మండిపోతాండాది. జనాల కండ్లన్నీ దీని మీదే పడ్తాయి. టవలన్నా కప్పుకొస్తా."

"కప్పుకో. ఆడికి పోయినాక మాత్రం తియ్యల్ల."

"సరేప్పా. సద్ది మర్సిపోతాండావు సూడు."

"నువ్వొచ్చేటప్పుడు తీసుకరా. ఆడ తింటా."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. బస్సు హారన్ కొట్టింది, ఆయన పరుగెత్తాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చూడాల్సిన పనేముంది, నేను వెనక బస్సుకు పోయేదాన్నే కదా.

పాప అంటే నా కూతురి మొదటి బిడ్డ. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది ఆ పాప చెల్లెలు. ఇది అక్కనూ చూడలేదు, తాతనూ చూడలేదు. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి చదువు లేదు. నేను నోటికొచ్చినట్టు చెబుతున్నాను, ఇది తన కాలేజీ తెలుగులోకి మార్చి రాస్తోంది. మార్చుకోమన్నాను. మనుషులు ఆడిన మాటల్ని మాత్రం ముట్టుకోవద్దన్నాను. వాళ్ళ తాత మాటను దిద్దితే ఆయన ఇంకెవరో మనిషయిపోతాడు.

మాది కోడుమూరు వైపు మెట్ట ఊరు. ఊరి పక్కన పారే వంక దాటితే మా కాలనీ, కాలనీ మధ్యలో చర్చి. మా వాళ్ళంతా కూలీలే, కొందరికి వాన పడితే పండే నేల చెక్కలు ఉన్నాయి. ఆ ఏళ్ళలో వాన పడలేదు. వేరుశనగ విత్తితే భూమిలోనే మాడిపోయింది. అట్లాంటప్పుడు మా వైపు జనం సుగ్గికి పోతారు. సుగ్గి అంటే పని వెతుక్కుంటూ దూరం దేశం పోవడం, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు. నా కూతురూ అల్లుడూ పోయారు. ఆ గుడిసెల్లో పాముల భయం, నీళ్ళ కరువు. అందుకని ఏడాది దాటిన పాపకు పాలు మరిపించి నా ఒళ్ళో పెట్టి పోయింది. లారీ ఎక్కేటప్పుడు రొమ్ములు పొంగి రవిక తడిసిపోయింది. కొంగు అడ్డం పెట్టుకుని ఎక్కింది.

నేనేం పెట్టానంటే, ఇంట్లో ఉన్నదే పెట్టాను. జొన్న గంజి, సంగటి ముద్ద నీళ్ళలో పిసికి పల్చగా చేసి ఇంత, అంగట్లో బిస్కెట్టు. మొదట్లో తిన్నది. తరువాత తరువాత ముద్ద నోట్లో పెట్టుకుని అట్లే కూర్చునేది. ఏడుపు మానేసింది. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. "ఎంత బుద్దిగల్ల బిడ్డమ్మా నీ మనవరాలు" అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్ళు. నాకూ సంతోషమే.

అంగన్‌వాడీ టీచరు వంక దాటి వచ్చి, దూలానికి తూకం కాటా వేలాడదీసి, ఉయ్యాల లాంటి సంచిలో పిల్లల్ని కూర్చోబెట్టేది. ముసలివాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు. బిడ్డను బియ్యం మాదిరిగా తూచకూడదు, దిష్టి తగులుతుంది అనేవాళ్ళు. దిష్టి గిష్టి లేదని చర్చిలో అయ్యగారు ఎంత చెప్పినా ఆ మాట గడప దాకే. టీచరు మెత్తటి మనిషి, కానీ పట్టు వదలదు. పాపను తూచి, బరువు కార్డులో గీతల మధ్య చుక్క పెట్టి చూసుకుంది.

"అమ్మా, బిడ్డ ఎర్ర గీత కిందికి పోతాండాది. పప్పు పెట్టు, పాలు పెట్టు, దినానికి ఒక గుడ్డన్నా పెట్టు."

"నీ దగ్గరుంటే ఇయ్యి తల్లీ, పెడ్తా."

"మాకొచ్చేది బలం పొడి ఒకటే. అది కూడా ఈ నెల రాల్యా."

"మల్ల నాకు చెప్పి ఏం లాభం?"

"ఎవురికి చెప్పల్లనో నాకూ తెలీక నీకు చెప్తాండా."

ఆ మాట మా ఆయన విన్నాడు. గడప మీద కూర్చుని పారకు పిడి బిగించుకుంటూ విన్నాడు.

తరువాత ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్ళ మీటింగు ఒకటి జరిగింది. నేను పోతుంటే పాపను మోయడానికి ఆయనా వచ్చాడు. అక్కడ ఒకామె మైకులో చెప్పింది. పిల్లల తిండికి ఎంత డబ్బు పెట్టాలన్నది అసెంబ్లీలో తేలుతుంది, మన ఓటుతో పోయినవాళ్ళు అక్కడ లేచి అడగాలి, మనం వాళ్ళను అడిగితేనే వాళ్ళు అక్కడ అడుగుతారు అని. ఆడవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చేతుల్లో పాప ఉంది, కొట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, రాళ్ళ గుట్టలు దాటాక అన్నాడు.

"రోడ్డు అడిగితిమి, బోరు అడిగితిమి, చర్చికి రేకులు అడిగితిమి. బిడ్డల కూడు మాత్రం ఎవుర్నీ అడగల్యా మే మనం."

"అడిగితే ఇస్తారా?"

"అడక్కుంటే ఇచ్చినారా?"

అప్పటి నుంచి ఆయనకు అదే పని. ప్రతి బిడ్డకూ రోజూ గుడ్డూ పాలూ ఇవ్వడానికి ప్రభుత్వం డబ్బు పెంచాలి, వంక ఇవతల మా కాలనీలో ఒక సెంటరు పెట్టాలి. ఈ రెండు మాటలు టీచరుతో కాగితం మీద రాయించుకుని, చుట్టుపక్కల ఊర్లు తిరిగి వేలిముద్రలు వేయించుకొచ్చాడు. టీ బంకు దగ్గర అందరికీ ఆయనే వేడుక.

"ఏమప్పా, అసెంబ్లీకి కోడిగుడ్డు మోసకపోతాండావంట?"

"గుడ్డు కాదప్పా, కోడినే తీసుకపోతాండా. లోపల కూతేస్తే అన్నా లేస్తారు."

నవ్వేవాళ్ళు నవ్వుతూనే వేలు చాపేవాళ్ళు. ఆ సిరా మరక ఆయన చొక్కా జేబుకు అంటి, ఎంత ఉతికినా పోలేదు.

ఆ కాగితాలు పట్టుకుని మేము కొంతమందిమి కర్నూలులో ఎమ్మెల్యే ఇంటికి పోయాము. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆయన మర్యాదగానే మాట్లాడాడు. మంచినీళ్ళు ఇప్పించాడు, కూర్చోమని కుర్చీ చూపించాడు. మా ఆయన కూర్చోలేదు.

"కాగితం సూసి నేను ఆడేం మాట్లాడల్లప్పా? మీ ఊరికొస్తా. నా కండ్లతో పిల్లోళ్ళను సూస్తా. సూసినాక మాట్లాడ్తా" అన్నాడు ఎమ్మెల్యే.

అంతకంటే ఏం కావాలి? చూస్తే చాలు, చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది అనుకున్నాము. దారి పొడుగునా నవ్వుకుంటూ వచ్చాము.

ఇక్కడ మా పండగ గౌన్ల సంగతి చెప్పాలి. మా ఇండ్లలో పిల్లలకు మంచి గుడ్డలు క్రిస్మస్‌కే. బట్ట కొని కోడుమూరులో టైలరు సాయిబుకు ఇచ్చి, "పెరిగే బిడ్డ, వదులుగా కుట్టు భాయ్" అని చెబుతాము. ఆయన భుజాలు జారేటట్టు, అంచు కాలి మడమల దాకా వచ్చేటట్టు కుట్టి, ఇంకా బెత్తెడు గుడ్డ లోపలికి మడిచి పెడతాడు. బిడ్డ పెరిగే కొద్దీ ఆ మడత విప్పుకుంటూ పోతాము. పండగ కాగానే ట్రంకుపెట్టెలో పెడతాము. పాపకు ఆ ఏడు పసుపుపచ్చ గౌను కుట్టించాము. బుట్ట చేతులు, మెడకు తెల్ల లేసు. అందులో దాని ముఖమూ వేళ్ళ కొసలూ తప్ప ఏమీ కనిపించేవి కావు.

ఎమ్మెల్యే వస్తున్నాడని తెలియగానే కాలనీలో ప్రతి ఇంట్లో ట్రంకుపెట్టె తెరుచుకుంది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే బిడ్డను చింపిరి తలతో, దిసమొలతో నిలబెట్టే తల్లి మా వాళ్ళలో లేదు. వీధులు ఊడ్చి కళ్ళాపి చల్లాము. పిల్లల తలలకు నూనె, కళ్ళకు కాటుక, ముఖాలకు పౌడరు. పెద్దమనిషి ముందర ఆకలి అని ఏడ్చి పరువు తీస్తారేమోనని, ఆ పొద్దు అప్పో సప్పో చేసి వరి అన్నం వండి పిల్లలకు కడుపు నిండా పెట్టారు. నాటుకోడి ఒకరింట్లో, రాగి సంగటి ఒకరింట్లో, వచ్చేవాళ్ళకు వండారు. అందరికంటే ఎక్కువ హడావిడి మా ఆయనదే. పాపకు గౌను తనే తొడిగి, బొత్తాలు పెట్టి, ఎత్తి పట్టుకుని మురిసిపోయాడు.

"సూడు మే, రాణి మాదిరి ఉండాది. మనం అడుక్కునేటోళ్ళమా? హక్కుగా అడిగేటోళ్ళం."

ఇవన్నీ ఎందుకని టీచరు ఒక్కతే గొణిగింది. "అన్నా, ఈ పౌడర్లు యాలన్నా?" అని. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఎమ్మెల్యే వచ్చాడు. పిల్లలు రంగురంగుల గుడ్డల్లో వరుసగా నిలబడి స్వాగతం పాట పాడారు. ఆయన ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, మా ఆయన చంకలో ఉన్న పాప దగ్గర ఆగాడు. దాని బుగ్గ పుణికాడు.

"అబ్బా, బొద్దుగా ఉండాదే! దీనికి కూడా గుడ్డు కావల్లంటనా?"

అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. నేనూ నవ్వాను. పొగిడిన మాట కదా.

టీచరు ముందుకొచ్చి ఏదో చెప్పబోయింది. అప్పటికే విస్తర్లు పరిచారు. ఆయన సంగటీ కోడికూరా ఇష్టంగా తిన్నాడు, ఇంకొంచెం వేయించుకున్నాడు. చేతులు కడుక్కుంటూ అన్నాడు.

"ఇంత బాగా వండే ఊర్లో ఆకలేందప్పా? మీకంటే కష్టంలో ఉండే ఊర్లు శానా ఉండాయి. ముందు వాళ్ళను సూడల్ల."

జీపులు పోయాయి. ఆ దుమ్ము ఇంకా అణగలేదు, తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని లోపలికి తీసుకుపోయి గౌన్లు విప్పి, మడిచి, పెట్టెల్లో పెట్టారు. మా ఆయన చర్చి మెట్ల మీద పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. టీచరు వచ్చి పక్కన కూర్చుంది. గౌను అంచు పైకెత్తి, పాప పాదం మీద బొటనవేలితో నొక్కి తీసింది. మట్టిలో నొక్కినట్టు గుంత పడింది. పైకి రాలేదు.

"ఆ బొద్దు కండ కాదన్నా. నీళ్ళు. ముఖంలో కూడా నీళ్ళే."

ఆయన తన వేలితో రెండో పాదం మీద నొక్కి చూశాడు. అదీ అట్లే. పాప ఏడ్వలేదు, ఆయన ముఖం వంక చూస్తూ ఉంది. ఎన్నో ఊర్లు తిరిగి ఎందరి వేళ్ళో పట్టి ముద్రలు వేయించిన మనిషి, ఆ పాదం మీద తన వేలి గుర్తు చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో.

"నా చేతుల్తోనే కప్పిపెడ్తినే" అన్నాడు, అంతే.

పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని టీచరు చెప్పింది. మా ఆయన అన్నాడు, కర్నూలుకే కదా పోయేది, అసెంబ్లీ మొదలయ్యే లోపల ఎమ్మెల్యే ఇంటి దగ్గర పాపను ఒకసారి చూపించి, అట్నుంచి అటే ఆసుపత్రికి పోదామని. ముందు బస్సుకు తాను పోయి వరుసలో చోటు పట్టిపెడతానన్నాడు. నేను, టీచరు, ఇంకొందరు తల్లులు పిల్లల్ని తీసుకుని వెనక బస్సుకు రావాలి. ఆ పొద్దు గడప దగ్గర జరిగినవే మొదట్లో చెప్పిన మాటలు.

వెనక బస్సు దారిలో ఆగిపోయింది. మేము పోయేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది. గేటు దగ్గర జనం గుంపు. ఎవరో వడదెబ్బ తగిలి పడిపోయాడు అనుకుంటున్నారు. నా చంకలో పాప, చేతిలో సద్ది టిఫిను. గుంపును తోసుకుని పోతే గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని మా ఆయన. చొక్కా అంతా తడిసి ఉంది, ఎవరో నీళ్ళు చల్లినట్టున్నారు. జేబు దగ్గర ఆ సిరా మరక ఇంకా ఉంది. గేటు కాపలావాడు నన్ను చూసి అడిగాడు.

"బిడ్డను తెచ్చే ఆయమ్మ నువ్వేనా? నా ఇంటిది వస్తాది, బిడ్డ ఉంటాది, గేటు తియ్యప్పా అని పొద్దున్నుంచి చెప్తానే ఉన్నాడమ్మా. లేచి నిలబడినాడు, అట్లే కూలబడినాడు."

పట్టుకుంటే ఒళ్ళు ఇంకా వేడిగానే ఉంది. ప్రాణం వేడి కాదు, ఎండ వేడి అది.

నేను గట్టిగా ఏడ్చానో లేదో నాకు తెలియదు. టీచరు చెబుతుంది ఏడవలేదని. ఆడికి పోయినాక తియ్యల్ల అన్నాడు కదా. పాప మీది టవలు తీశాను. తీసి, దాన్ని ఆయన ముఖం మీద కప్పాను.

ఆ గోలకు ఎమ్మెల్యే బయటికి వచ్చాడు. ముందు చనిపోయిన మనిషిని చూశాడు, తరువాత నా చంకలో బిడ్డను చూశాడు. కర్రల్లాంటి చేతులు, ఉబ్బిన పొట్ట, ఉబ్బిన పాదాలు, రాగి రంగు జుట్టు, రొమ్ము మీద ఎముకలు. గుర్తుపట్టలేదు.

"ఎవురి బిడ్డమ్మా ఇది?"

"మీరు బుగ్గ పుణికిన బిడ్డేనయ్యా. బొద్దుగా ఉండాదంటిరి."

ఆయన ఇంకో అడుగు దగ్గరికి వచ్చాడు.

"ఈడ నొక్కి సూడండయ్యా" అన్నాను.

ఆయన వంగి పాప పాదం మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాడు. గుంత అట్లే ఉంది. ఆయన దాన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. తన జీపు తెప్పించమని లోపలికి కేక వేశాడు.

ఆ జీపులో నేనూ టీచరూ పాపను తీసుకుని ఆసుపత్రికి పోయాము. మా వాళ్ళు ఇంకో బండి మాట్లాడి ఆయన్ను ఊరికి తీసుకుపోయారు. ఒక బండి అటు, ఒక బండి ఇటు. ఆయన వెంట నేను లేను. సద్ది టిఫిను నా చేతిలోనే ఉండిపోయింది. ఆసుపత్రి వరండాలో తెరిస్తే జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పారేయడానికి చేతులు రాలేదు, తినడానికి నోరు రాలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. "ఇన్నాళ్ళు ఏం చేశారమ్మా?" అని అరిచింది. పాపను టీచరుకు అప్పజెప్పి, ఊరికి పోయి ఆయన్ను సమాధి చేసుకుని, మళ్ళీ బస్సెక్కి వచ్చి పాప పక్కన కూర్చున్నాను. నా కూతురు సుగ్గి నుంచి మిరపఘాటు పోని చేతులతో వచ్చింది. పాపను ముట్టుకోవడానికి భయపడి, ఆ చేతులు సబ్బు పెట్టి రుద్దుకుంటూనే ఉండేది. మధ్యలో ఒక పొద్దున పాప గట్టిగా ఏడ్చింది. ఎన్నాళ్ళకో విన్న ఏడుపు. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏడుస్తాందా? మంచిదేనమ్మా, ఏడ్వనీ" అన్నది. మేము తల్లీకూతుళ్ళం ఆ ఏడుపు వింటూ నవ్వాము. తరువాత జ్వరం తగిలింది. ఆ జ్వరాన్ని తట్టుకునే సత్తువ దానికి లేదన్నారు.

తాత పక్కనే పెట్టాము. పసుపుపచ్చ గౌను తొడిగాము. అప్పటికీ వదులుగానే ఉంది. అంచు దగ్గర సాయిబు మడిచిన బెత్తెడు గుడ్డ మడిచినట్టే ఉంది.

ఎమ్మెల్యే అసెంబ్లీలో లేచి పిల్లల తిండికి డబ్బు పెంచమని అడిగాడంట. పేపర్లో చిన్నగా వస్తే టీచరు చదివి వినిపించింది. అందులో మా ఊరు లేదు, మా ఆయన లేడు, పాప లేదు. పోనీలే, మాట లేచింది కదా అనుకున్నాను. మాకు సెంటరు వెంటనే రాలేదు. మళ్ళీ కాగితం రాయించాము, మళ్ళీ వేళ్ళు పట్టి తిరిగాము, ఈసారి నేను తిరిగాను. టీ బంకు దగ్గర ఎవరూ నవ్వలేదు. చివరకు వంక ఇవతల ఒక గది సెంటరు వచ్చింది. రోజూ గుడ్డు అడిగాము, వారానికి రెండు అన్నారు. ఆ రెండింటి కోసమేనా అని కొన్నాళ్ళు నేను ఆ గది వైపు పోలేదు. గుడ్లు ఉడికే వాసన వస్తే ఇంటి తలుపు మూసుకునేదాన్ని.

ఆ తరువాత ఇది పుట్టింది, ఇప్పుడు రాస్తున్న పిల్ల. దీన్ని నడిపించుకుని పోయి ఆ గదిలో కూర్చోబెట్టాను. టీచరు గుడ్డు ఒలిచి దీని చేతిలో పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని తిన్నది, పచ్చసొన మూతికంతా పూసుకుని. నేను బయటికి వచ్చి గోడకు తల ఆనించుకుని ఏడ్చాను. గేటు దగ్గర రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ఎమ్మెల్యేలు మారారు. అడగడానికి ఇప్పటికీ పోతూనే ఉన్నాము, మిగిలిన రోజుల గుడ్ల కోసం, పక్క కాలనీల కోసం. మా కాలనీలో ఒక్క పద్ధతి మారింది. ఏ పెద్దమనిషి వచ్చినా పిల్లలకు వేయడానికి పెట్టెలోంచి పండగ గుడ్డలు బయటికి తీయరు. ఎట్లా ఉన్న పిల్లల్ని అట్లా నిలబెడతారు. కొత్తగా వచ్చిన కోడళ్ళు సిగ్గుపడతారు. వాళ్ళకు ఈ కథ చెప్పాలంటే నా గొంతు ఇప్పుడు సహకరించడం లేదు, అందుకే రాయిస్తున్నాను.

రాస్తున్న ఈ పిల్లకు కూడా సాయిబు దగ్గరే గౌను వదులుగా కుట్టించాను. క్రిస్మస్ వస్తే అంచు మడత నేనే విప్పేదాన్ని. కత్తెరతో ఒక్కొక్క కుట్టూ తీస్తుంటే ఇది కాలు నిలవకుండా గెంతేది. లోపలి గుడ్డ ఎండ తగలక కొత్త రంగులో ఉండేది, పాత గుడ్డ మీద గీత గీసినట్టు కనిపించేది. చూసినవాళ్ళు ఎబ్బెట్టుగా ఉందనేవాళ్ళు. నాకు ఆ గీత చూస్తే ప్రాణం లేచి వచ్చేది. పెరుగుతోంది, ఇది పెరుగుతోంది అని.

పెన్ను ఎందుకాపావు తల్లీ? కళ్ళు తుడుచుకో. కాగితం తడిపితే మళ్ళీ రాయాల్సి వస్తుంది.

చాలు, ఇంతే. ఇప్పుడు మొదటి నుంచి చదువు. మీ తాత గడప దగ్గర అన్న మాటలు ఉన్నాయే, అక్కడ నిదానంగా చదువు, ఆయన మాట్లాడినట్టే. నేను వింటాను.